నాయనమ్మకు మూడు పేర్లు

గుడివాడ దగ్గరి పల్లెటూరి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా బల్లమీదికి వచ్చి పదిహేను రోజులయింది. జవాబు ఆలస్యమైనందుకు ఆమె నన్ను క్షమించాలి. పరీక్ష పేపర్లు దిద్దటం ఒక కారణమేగాని అసలు కారణం అది కాదు. ఆమె అడిగిన ప్రశ్నకు పదేళ్ళ క్రితం నేనూ ఒక జవాబు వ్రాసుకున్నాను. అది తప్పుడు జవాబని తేలింది. ఆ సంగతి దాచి సలహాలు చెప్పటం న్యాయం కాదు. చెబుదామంటే మొగమాటం.

ఆ సోదరికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మూడో తరగతి. చిన్నది ఇంకా బడికి వెళ్ళేటప్పుడు గుమ్మం పట్టుకుని ఏడుస్తుందట. భర్తకు విజయవాడలో ఉద్యోగం. పొద్దున్నే రైలుకు వెళ్ళి రాత్రి రైలుకు వస్తాడు. వాళ్ళ ఇంటివారు క్రైస్తవులై నాలుగు తరాలయింది. ముత్తాతగారి బాప్తిస్మం నాటి నుంచి తన పిల్లల ఇంగ్లీషు మీడియం చదువుదాకా ఒక నవల వ్రాయాలని ఆమె కోరిక. ‘పాతకాలాన్నీ ఈ కాలాన్నీ ఎక్కడ ముడివెయ్యాలి? ఈ పిల్లలతో ఎప్పుడు వ్రాయాలి? వ్రాసినా మా చర్చివాళ్ళు తప్ప ఇంకెవరైనా చదువుతారా?’ అని మూడు ప్రశ్నలు వేసింది.

తేలికైన ప్రశ్న ముందు తీసుకుంటాను. పిల్లలతో ఎప్పుడు వ్రాయాలి?

తీరిక చిక్కాక వ్రాద్దామనుకున్న తల్లి ఎవరూ ఇంతవరకు ఏమీ వ్రాయలేదు. అమెరికాలో హారియెట్ బీచర్ స్టో అనే ఆవిడకు ఏడుగురు పిల్లలు. 1849లో సిన్సినాటి పట్టణంలో కలరా వచ్చి ఏడాదిన్నర పసివాడు పోయాడు. సంతలో తన బిడ్డను అమ్ముతుంటే చూస్తూ నిలబడవలసిన బానిస తల్లి గుండె ఎలా ఉంటుందో అప్పుడే తనకు తెలిసిందని తరువాత ఆవిడే చెప్పుకున్నది. మరుసటి ఏడు ఇంకో బిడ్డ పుట్టాడు. ఆ చంటివాడు ఒళ్ళో ఉండగానే ‘అంకుల్ టామ్స్ కాబిన్’ మొదలుపెట్టింది. 1851 జూన్ నుంచి 1852 ఏప్రిల్ దాకా ‘నేషనల్ ఎరా’ అనే వారపత్రికలో ఆ నవల వారం వారం వచ్చింది. నవలంతా ఒకేసారి వ్రాయవలసి ఉంటే ఆ ఇంట్లో అది ఎప్పటికీ పూర్తయ్యేది కాదేమో. వారానికి ఒక భాగం గనుక, వంటకూ వంటకూ మధ్య సాగిపోయింది. సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసే మన పాఠకురాళ్ళకు ఇందులో ఒక రహస్యం ఉన్నది. వారానికి ఒక ప్రకరణం అనేది చదివేవాళ్ళ సౌకర్యం మాత్రమే కాదు, వ్రాసే తల్లి సౌకర్యం కూడా.

మగవాళ్ళకు ఈ బాధ లేదనుకోకండి. మన క్రైస్తవ గృహాల్లో ‘యాత్రికుని ప్రయాణము’ పేరు తెలియని పెద్దలు తక్కువ. దాన్ని వ్రాసిన జాన్ బన్యన్ 1660 నుంచి 12 ఏళ్ళు బెడ్‌ఫర్డ్ జైలులో ఉన్నాడు. బయట నలుగురు పిల్లలు. పెద్దపిల్లకు కళ్ళు లేవు. జైలులో కూర్చుని బూట్లకు కట్టే లేసులు తయారుచేసి, వాటిని అమ్మించి ఇల్లు గడిపాడు. ఆ చేతులతోనే వ్రాశాడు. 1678లో పుస్తకం అచ్చయింది.

అంతదూరం ఎందుకు? మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు బడి మొగం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి దగ్గర చదువు నేర్చుకున్నారు. కన్నబిడ్డలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే దేశంలోని ప్రసిద్ధ స్త్రీల చరిత్రలు ఏరికూర్చి 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించారు. ఆవిడ క్రైస్తవులు కారు. అయినా గతకాలపు స్త్రీలను నేటి స్త్రీల ముందు నిలబెట్టటం ఎలాగో ఈ జిల్లాలో మనకందరికీ ముందు చూపించింది ఆవిడే.

కాబట్టి సోదరీ, ఒక చిన్న నోటుపుస్తకం వంటింట్లో పెట్టుకోండి. ప్రకరణాలు వ్రాయకండి, ఒక్కొక్క సంఘటన వ్రాయండి. అన్నం ఉడికేలోగా అయ్యేంత సంఘటన చాలు. అత్తగారు మాట్లాడుతున్నప్పుడు ఆమె అనుమతి తీసుకుని సెల్‌ఫోనులో రికార్డు చెయ్యండి. ఆమె మాటల వరుసను మార్చకండి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు వేసే ప్రశ్నలకు ఒక పేజీ కేటాయించండి. దాని అవసరం ఏమిటో చివర చెబుతాను.

ఇక ముడివెయ్యటం సంగతి.

మా కాలేజీలో ఏటా పిల్లలకు కథల పోటీ పెడతాం. పాతకాలం కథ వ్రాయమంటే పదింటిలో నాలుగు కథలు అటకమీదే మొదలవుతాయి. అటకమీద భోషాణం. భోషాణంలో తాతగారి డైరీ. మనుమరాలు దుమ్ము దులిపి మొదటి పేజీ తిప్పటంతోనే వంద సంవత్సరాలు వెనక్కి వెళ్ళిపోతాం. మంచి ఉపాయమే. అయితే ఆ ఉపాయం డైరీ వ్రాసిన తాతగారు ఉన్నవాళ్ళకు పనికివస్తుంది. మన డెల్టాలో క్రైస్తవులైన కుటుంబాల్లో ఎక్కువభాగం ముత్తాతలకు వ్రాత రాదు. భోషాణం లేదు. అటక కూడా లేదు, తాటాకు గుడిసెకు అటక ఎక్కడిది?

వాళ్ళు వదిలి వెళ్ళినవి వేరే ఉన్నాయి. చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరులో ఒక వరుస. నోటికి వచ్చిన కీర్తనలు. ప్రతిపూటా ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారంనాడు గుడికి పట్టుకెళ్ళే అలవాటు. కోత పండుగనాడు గుమ్మడికాయలూ కోళ్ళూ తెచ్చి, ఆరాధన అయ్యాక వేలంపాట పాడుకోవటం. వీటన్నిటికన్నా మిన్నగా, పేర్లు. నా అనుభవంలో అసలు ముడి అక్కడే ఉన్నది.

ఈ దారిలో ముందు నడిచినవారు లేకపోలేదు. కృపాబాయి సత్యనాథన్ అనే మహారాష్ట్ర క్రైస్తవ స్త్రీ 1862లో అహమద్‌నగరంలో పుట్టింది. తల్లిదండ్రులు బ్రాహ్మణులుగా పుట్టి క్రైస్తవులైనవారు. పెళ్ళయ్యాక ఊటీలోనూ, తరువాత కొంతకాలం మన రాజమండ్రిలోనూ కాపురం చేసింది. 1887-88లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో ‘సగుణ’ అనే నవలను ఇంగ్లీషులో ధారావాహికగా వ్రాసింది. అది దాదాపు ఆమె సొంత కథ. అయితే ఆమె తన కథతో మొదలుపెట్టలేదు. తల్లి కథతో మొదలుపెట్టింది. భర్త మతం మారాడని తెలిసి దుఃఖపడిన తల్లి, మనసు ఒప్పకుండానే ఆయన వెంట నడిచిన తల్లి. ఆ తల్లి కన్నీళ్ళు చెప్పాకనే కూతురి చదువు, కూతురి విశ్వాసం చెప్పింది. కృపాబాయికి పుట్టిన ఒక్క బిడ్డా దక్కలేదు. ఆమె కూడా 1894లో, 32 ఏళ్ళకే వెళ్ళిపోయింది.

తెలుగులో ఈ పని పెద్దయెత్తున చేసిన నవల జి. కళ్యాణరావుగారి ‘అంటరాని వసంతం’. 2000లో పుస్తకంగా వచ్చింది, 2010లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. అందులో రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకాల గుండా కథ నడుస్తుంది. ఊరికి వెలుపల పుట్టి ఆటా పాటా నేర్చిన ఎల్లన్న, అతని కొడుకు శివయ్య, శివయ్య కొడుకు రూబేను, ఇలా ఒక్కొక్క తరం వస్తుంది. పేర్లు ఒకసారి వరుసగా చదవండి. ఎల్లన్న, శివయ్య, రూబేను. చరిత్ర పాఠం చెప్పకుండానే ఆ మూడు పేర్ల మధ్య ఏదో జరిగిందని పాఠకుడికి తెలిసిపోతుంది. జరిగింది కరువు, కాలువ పని, మిషను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. కరువుకాలంలో బాప్తిస్మం ఇస్తే అన్నం కోసం వచ్చారంటారని ఆపాడు. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చరిత్రకారుడికి ఆ అంకె చాలు. నవల వ్రాసేవాళ్ళకు ఆ 2,222 మందిలో ఒకరి పేరు కావాలి.

అలాగే ఎం. ఎం. వినోదినిగారి ఒక కథ ఉన్నది. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని తీసుకుని కుమార్తె కథగా మార్చారు. యూనివర్సిటీకి వెళ్ళిన దళిత క్రైస్తవ పిల్ల స్నేహితురాలి అగ్రకులపు ఇంటి మర్యాదలకు మురిసి, సొంత ఇంటిని చిన్నచూపు చూసి, దెబ్బతిని చివరికి తండ్రి దగ్గరికి తిరిగివస్తుంది. రెండువేల ఏళ్ళ నాటి కథనూ నేటి హాస్టల్ గదినీ ఒకచోట కలిపారు. భోషాణం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను.

పదేళ్ళ క్రితం మా నాయనమ్మ బాప్తిస్మం మీద ఒక కథ వ్రాశాను. కాలువ గట్టు. తెల్లవారుజాము. తెల్లచీర. అవతలి గట్టున గొడుగు పట్టుకుని దొరసాని. నాయనమ్మ నీళ్ళలో మునిగి లేచేసరికి ఆమె పాతపేరు పూలదండలాగా కాలువలో కొట్టుకుపోయినట్టు వర్ణించాను. ఆ పూలదండ మాట నాకు ఎంతో నచ్చింది. వ్రాసిన రాత్రి నిద్రపట్టలేదు. పత్రికకు పంపేముందు మా మేనత్తకు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, కళ్ళజోడు తీసి, ‘బాగుందే అమ్మాయ్. అయితే ఇది మా అమ్మ కాదు. ఎవరో సినిమాలో అమ్మ’ అన్నది.

‘ఏం అత్తయ్యా, బాప్తిస్మం తీసుకోలేదా?’ అన్నాను రోషంగా.

‘తీసుకుంది. పాతపేరు ఎక్కడికీ కొట్టుకుపోలేదు. పేరు కాలవలో పారేసుకుంటే సోమవారం కూలి ఎవరిస్తారు?’

అప్పుడు ఆవిడ చెప్పింది. నాయనమ్మకు మూడు పేర్లు. గుడి రిజిస్టరులో బైబిలు పేరు. కామందు పొలంలో గ్రామదేవత పేరులో సగం, ముందు ‘ఒసే’. పత్రాలమీద ఆ గ్రామదేవత పేరే పూర్తిగా. ఆ పేర్లు ఇక్కడ వ్రాయనని మేనత్తకు మాట ఇచ్చాను. వారంలో ఆరు రోజులూ నాట్లలో, కలుపులో, కుప్పనూర్పుల్లో ఆ సగం పేరుకే పలికేది. పలక్కపోతే మరునాడు పిలుపు రాదు. ఆదివారం గుడిలో మాత్రం కొత్తపేరుతో పిలిచేవారు. ‘పేరొక్కటే కాదే, పక్కన గారు కూడా పెట్టి పిలిచేవాళ్ళు. ఉపదేశిగారు పిడికెడు బియ్యం లెక్క చదివేటప్పుడు ఫలానా అమ్మగారు అని చదివేవాడు. ఆ గారు వినటానికి మా అమ్మ జ్వరంతో కూడా వెళ్ళేది’ అన్నది మేనత్త.

నేను ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నాను. ‘గారు’ గౌరవవాచకమని పిల్లలచేత వల్లె వేయించాను. అది ఒక మనిషి జ్వరంతో అరమైలు నడిచి వెళ్ళి వినవలసిన మాట అని ఆనాటిదాకా నాకు తెలియదు. దొరసాని గొడుగూ, తెల్లవారుజామూ, పూలదండా అన్నీ కొట్టివేశాను. కథ మిగలలేదు. మిగిలింది ఆ ఒక్క మాట.

తరువాత ఈ ప్రాంతపు మిషను చరిత్ర వేరే కళ్ళతో చదివాను. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు 1841లో బందరు వచ్చారు. నోబుల్ 1843లో పాఠశాల పెట్టి ముఖ్యంగా పై కులాల పిల్లలకు చదువు చెప్పాడు. ఫాక్స్ ఊళ్ళు తిరిగాడు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇక మన డెల్టా పల్లెల్లో ఉద్యమం ఎక్కడ మొదలయిందంటే, పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడి దగ్గర. రాఘవాపురం ఆయన ఊరు. దొర వచ్చి చెప్పకముందే ఆయన విగ్రహాలు విడిచి, ఒక్కడైన దేవుణ్ణి వెతుక్కుంటున్నాడు. బెజవాడలోని డార్లింగ్ దొరను తానే వెళ్ళి కలుసుకున్నాడు. 1859లో బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట ఎందరో వచ్చారు. గమనించారా? ఆయన వెంకయ్యగానే ఉండిపోయాడు. వెంకటేశ్వరుడి పేరుతోనే క్రైస్తవ చరిత్రలో నిలిచాడు. మన క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యులైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890దాకా జీవించారు. విష్ణువు పేరు మార్చుకోకుండానే ఏసును కీర్తించారు.

అంటే పేరు మారటం అందరికీ ఒకే తీరుగా జరగలేదు. ఒకరు మార్చుకున్నారు, ఒకరు అట్టిపెట్టుకున్నారు, మా నాయనమ్మలాంటివారు మూడూ మోశారు. నేను వ్రాసిన పూలదండ కథలో ఈ తేడాలేవీ లేవు. ముందు చీకటి, తరువాత వెలుగు. మధ్యలో దొరసాని. మన తాతలు ఏమీ వెతకనట్టు, ఎవరో వచ్చి ఇస్తే పుచ్చుకున్నట్టు. వెంకయ్య చరిత్ర తెలిసినవాళ్ళు అలా వ్రాయలేరు. అలాగని మిషనరీలందరినీ దుర్మార్గులుగా చిత్రించటమూ అబద్ధమే. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోట విన్న కథలతో 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వ్రాసింది. ‘చెప్పులు కుడుతూ’ అని దాని పేరుకు అర్థం. ఆవిడ కూర్చుని వినకపోతే ఆ కథల్లో కొన్ని మనకు దక్కేవి కావు. ఆవిడకు ఋణపడి ఉంటూనే ఒక మాట అడగవచ్చు. ఆ కథలను వాళ్ళ మనుమరాళ్ళు తెలుగులో వ్రాయటానికి ఇంతకాలం ఎందుకు పట్టింది?

చదువు ఆలస్యంగా రావటం ఒక కారణం. రెండో కారణం ఇళ్ళల్లో మెల్లగా చెప్పుకునేది. దాన్ని తప్పించి ఈ నవల వ్రాయటం సాధ్యం కాదు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం తప్ప వేరే మతం అవలంబించినవారు షెడ్యూల్డు కులంవారుగా పరిగణింపబడరు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ నిబంధన సడలించారు. క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా చేర్చారు. ఈ విషయాన్ని పరిశీలించటానికి 2022లో కేంద్రప్రభుత్వం జస్టిస్ కె. జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. అందువల్ల ఏమయిందంటే, ఎన్నో ఇళ్ళల్లో గుడి పేరు ఒకటి, కాగితం పేరు ఒకటిగా పిల్లలు పెరిగారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు కూడా. తాత సంగతి అడిగితే తల్లి ‘గట్టిగా అనకు’ అనేది. మా ఇంటి సంగతి చెప్పటం లేదు. ఎన్నో ఇళ్ళ సంగతి చెబుతున్నాను. ఈ ఇళ్ళవాళ్ళను అబద్ధమాడారని తీర్పు చెప్పటానికి నా నోరు రాదు. బాప్తిస్మం తీసుకున్నంతమాత్రాన కామందు ‘ఒసే’ మానలేదు. చెరువులో నీళ్ళు ముట్టనివ్వని ఊరు, మతం మారాక ముట్టనివ్వలేదు. కాగితం మాత్రం అన్నీ మారిపోయినట్టు మాట్లాడింది.

సోదరీ, మీ నవలలో పాతకాలం ఎక్కడ ఆగి ఈ కాలం ఎక్కడ మొదలవుతుందని అడిగారు. నాకు తోచినంతవరకు అది ఆగలేదు. మీ ముత్తాత పేరుకూ మీ పిల్లవాడి హాజరుపట్టీలోని పేరుకూ మధ్య ఉన్న దారే మీ కథ. దాన్ని వ్రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోండి. బతికి ఉన్న పెద్దలకు ముందు చదివి వినిపించండి. వాళ్ళు వద్దన్న పేరు వ్రాయకండి. ఊరు మార్చండి, పేర్లు మార్చండి, బాధను మాత్రం మార్చకండి. మూడోది, అచ్చులో చూసి తెలుసుకునేముందే మీ పిల్లలకు మీరే చెప్పండి. తల్లి నోట వినవలసిన సంగతి పత్రికలో చదివితే పిల్లలు కథను క్షమిస్తారేమోగాని తల్లిని క్షమించరు.

ఎవరైనా చదువుతారా అన్నది ఆఖరి ప్రశ్న.

కరపత్రం వ్రాస్తే చదవరు. కరపత్రంలో ప్రశ్న పుట్టకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది. పాఠకుడికి అందులో చేసే పని ఉండదు. కథ వ్రాస్తే చదువుతారు. జాషువాగారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్‌గారు ‘ఊరబావి’ కథను వ్రాస్తే, నేటికీ దాన్ని చదివి కదిలిపోయే విద్యార్థులున్నారు. 2014లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇంకా నిదర్శనం కావాలంటే ఫిబ్రవరి నెలలో విజయవాడ రండి. 1924లో మేరీమాత విగ్రహం నిలిపిన గుణదల కొండకు ఉత్సవం మూడురోజులూ ఎవరెవరు వెళుతున్నారో చూడండి. బొట్టు పెట్టుకున్నవారూ పెట్టుకోనివారూ కలిసి మెట్లెక్కుతారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. పక్కింటివాళ్ళ మాత దగ్గరికి మొక్కు తీర్చుకోవటానికి వెళ్ళే మనిషి, పక్కింటివాళ్ళ నాయనమ్మ కథ ఎందుకు చదవడు? మనం చెప్పలేదు గనుక వాళ్ళు వినలేదు.

పిల్లల ప్రశ్నలకు ఒక పేజీ ఉంచమన్నాను కదా. దాని సంగతి చెప్పి ముగిస్తాను.

మా అమ్మాయికి క్రిందటి ఏడు బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. రంగుపెన్సిళ్ళు ముందేసుకుని కూర్చున్నది. ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి. ‘నాన్నమ్మ పేరేంటమ్మా? తాతయ్య వాళ్ళమ్మ పేరేంటి?’ అని అడుగుతూ వచ్చింది. మా నాయనమ్మ గడి వచ్చేసరికి నేను కొంచెంసేపు ఊరుకున్నాను. తరువాత మూడు పేర్లూ చెప్పాను. ఏ పేరుతో ఎవరు పిలిచేవారో కూడా చెప్పాను. పదేళ్ళపిల్ల, ఎంతవరకు అర్థమయిందో తెలియదు. ‘మరి ఈ మూడింట్లో ఏది నిజం?’ అన్నది.

ఆ ప్రశ్న నా నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. నేను వ్రాయవలసిన నవలకు అదే మొదటి వాక్యమని నా నమ్మకం. ఇంకా వ్రాయలేదు. ఈ వేసవి సెలవుల్లో మొదలుపెడతాను. మీరూ మొదలుపెట్టండి.

నేను జవాబు చెప్పేలోగా మా అమ్మాయి ఆ గడి రబ్బరుతో చెరిపి, పక్క గడిలోకి జరిపి వెడల్పుగా గీసుకున్నది. మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి వ్రాసింది. తరువాత కాసేపు ఆలోచించి, మూడింటి పక్కనా ‘గారు’ అని వ్రాసింది.